కార్గో ట్రైలర్‌ను క్యాంపర్‌గా మార్చుకోవడం: రంపం పట్టకముందు వేయవలసిన లెక్కలు

అమెరికాలో సామాన్ల రవాణా కోసం అమ్మే మూసిన కార్గో ట్రైలర్‌ను కొని, లోపల మంచం, వంటగట్టు, దీపాలు అమర్చుకొని క్యాంపర్‌గా వాడుకునేవారు చాలామందే ఉన్నారు. తయారుగా దొరికే ట్రావెల్ ట్రైలర్ కంటే ఇది చవక అనే మాట సగమే నిజం, ఎందుకంటే బ్యాటరీలు, ఫ్రిజ్, ఏసీ ఎవరు కొన్నా అదే ధరకు వస్తాయి. అసలు లాభం చట్రంలో ఉంది. ఉక్కు పోస్టుల మీద అల్యూమినియం రేకు బిగించిన ఈ పెట్టెలో, ఏ తీగ ఎక్కడ నుంచి పోతోందో, ఏ మేకు ఎందులోకి దిగిందో యజమానికి తెలిసి ఉంటుంది. డాలస్ పక్కన ఉంటూ ఒక ట్రైలర్‌ను ఇలా మార్చుకున్న అనుభవంతో ఇది రాస్తున్నాను. పనిలో జరిగిన తప్పును చాలావరకు సరిదిద్దుకోవచ్చు గాని, కొనేటప్పుడు జరిగిన తప్పుతో మాత్రం చివరిదాకా కాపురం చేయవలసిందే. అందువల్ల ఇక్కడ ప్రణాళిక గురించే ఎక్కువగా చెబుతాను.

ప్రణాళిక మంచంతో మొదలుకావాలి. పేరుకు ఆరడుగుల వెడల్పు అని అమ్మే ట్రైలర్ లోపల గోడకూ గోడకూ మధ్య సుమారు 68 నుంచి 70 అంగుళాలే ఉంటుంది. నా ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, అంటే 69 అంగుళాలు. అడ్డంగా పడుకుంటే తల ఒక గోడకు, పాదాలు మరో గోడకు తగులుతాయి. కాబట్టి ఆరడుగుల ట్రైలర్‌లో మంచం పొడుగునా వేయాలి, అప్పుడు 12 అడుగుల పొడవులో ఆరున్నర అడుగులకు పైగా మంచానికే పోతుంది. ఏడడుగుల ట్రైలర్ లోపలి వెడల్పు సుమారు 80 అంగుళాలు. 60 అంగుళాలు వెడల్పు, 80 అంగుళాలు పొడవు ఉండే క్వీన్ పరుపు అందులో అడ్డంగా పట్టీ పట్టనట్టు ఉంటుంది; గోడ మీద అదనంగా అర అంగుళం ఫోమ్ వేశారంటే ఇక పట్టదు. పరుపును 75 అంగుళాలకు కోయించుకోవాలా, ఫోమ్ మానుకోవాలా అన్నది కాగితం మీదే తేల్చుకోవాలి.

ఎత్తు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 6 అడుగుల 3 అంగుళాల ఎత్తున్న పెట్టెలో నేలకు ఒక అంగుళం ఫోమ్, దాని మీద అర అంగుళం ప్లైవుడ్, పైకప్పు దూలాల కింద మరో ముప్పావు అంగుళం వేసేసరికి నికరంగా ఆరడుగుల పైన ముప్పావు అంగుళమే మిగులుతుంది. ఆ పైన దీపాలు, ఫ్యాన్ చట్రం కిందికి దిగుతాయి. ఆర్డరు ఇచ్చేటప్పుడు ఆరున్నర అడుగులు గాని, ఏడడుగులు గాని అడగడానికి అయ్యే అదనపు ఖర్చు తక్కువే. తరువాత ఎత్తు పెంచడం ఎవరివల్లా కాదు.

ఇక బరువు. నా ఉద్దేశంలో ఈ పని మొత్తానికి వెన్నెముక ఇదే. ప్రతి ట్రైలర్‌కూ సరుకుతో కలిపి ఇంతకు మించరాదు అనే గరిష్ఠ బరువు ఉంటుంది, దాన్ని జి.వి.డబ్ల్యు.ఆర్. అంటారు. ఒకే యాక్సిల్ (ఇరుసు) ఉన్న ట్రైలర్లలో చాలావాటి మీద 2,990 పౌండ్లు అని కనిపిస్తుంది. కింద ఉన్న యాక్సిల్ 3,500 పౌండ్లు మోయగలిగినా అలా రాయడానికి కారణం, అనేక రాష్ట్రాలలో 3,000 పౌండ్ల దగ్గర ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి కావడమే. అంటే 2,990 అనే అంకె బ్రేకులు లేకుండా చవకగా అమ్మడానికి పనికివచ్చే అంకె. మనుషులు నిద్రపోయే సామగ్రిని మోసే ట్రైలర్‌కు, చట్టం అడిగినా అడగకపోయినా, ఎలక్ట్రిక్ బ్రేకులు ఉండాలన్నదే నా అభిప్రాయం. వాటిని నడపడానికి కారులో బ్రేక్ కంట్రోలర్, వెనుక ఏడు పిన్నుల సాకెట్ కావాలి.

ఒక చిట్టా పుస్తకం పెట్టి, లోపలికి వెళ్లే ప్రతి వస్తువు బరువూ కొనకముందే అందులో రాసుకోవాలి. ఖాళీ ట్రైలర్ 1,300 పౌండ్లు అనుకుంటే 2,990లో మిగిలేది 1,690. నాలుగడుగులు, ఎనిమిదడుగుల అర అంగుళం ప్లైవుడ్ పలక ఒక్కొక్కటి 40 పౌండ్ల పైమాటే. పావు అంగుళం పలక దాదాపు అందులో సగం. 20 గ్యాలన్ల నీళ్లు, గ్యాలన్‌కు 8.34 పౌండ్ల చొప్పున, 167 పౌండ్లు. పైకప్పు ఏసీ 80 పౌండ్ల అటూ ఇటూ. నిండు ప్రొపేన్ సిలిండర్, 20 పౌండ్లదని పేరున్నా, ఇనుముతో కలిపి 37 పౌండ్లు తూగుతుంది. అల్మరాలన్నీ ముప్పావు అంగుళం ప్లైవుడ్‌తో చేద్దామనే ఉత్సాహం ఈ చిట్టా చూశాక దానంతట అదే చల్లారుతుంది.

లాగే బండి లెక్క వేరే వేయాలి. మన వాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఒడిస్సీ, సియెన్నా వంటి మినీవ్యాన్లు సరైన అమరికతో 3,500 పౌండ్ల వరకు లాగగలవని కంపెనీలు చెబుతాయి. ఆ అంకె చూసి సంతోషించేవారు డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన పసుపు, తెలుపు స్టిక్కర్‌ను చదవరు. మనుషులు, సామాన్లు కలిపి బండి ఎంత మోయగలదో అందులో ఉంటుంది. ఉదాహరణకు అందులో 1,150 పౌండ్లు అని ఉందనుకుందాం. అయిదుగురు మనుషులకు 750 తీసేస్తే 400 మిగిలింది. ట్రైలర్ ముక్కు, అంటే టంగ్, కారు వెనుక దాన్ని తగిలించే అమరిక, అంటే హిచ్, మీద మోపే బరువు ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. 2,800 పౌండ్లలో 12 శాతం అంటే 336. ఇక ఆ వ్యాన్‌లో పెట్టగలిగిన సామాను 64 పౌండ్లు, అందులోంచి హిచ్ బరువు కూడా పోవాలి. ఊరగాయ జాడీని కూడా ఆలోచించి ఎక్కించవలసిన పరిస్థితి. ఎదురుగాలికి నిలువు గోడలా అడ్డుపడే ఈ పెట్టెలను లాగడంలో ముందుభాగం వైశాల్యానికి కూడా కొన్ని బండ్ల మాన్యువళ్లలో పరిమితి ఉంటుంది, అదీ చూసుకోవాలి.

టంగ్ బరువును భయపడి తగ్గించకూడదు. అది 10 శాతం కంటే బాగా తగ్గితే హైవే మీద ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, ఆ ఊపు అదుపు తప్పితే కారును కూడా తిప్పేస్తుంది. అందువల్ల బరువైనవి, అంటే బ్యాటరీలు, నీళ్ల ట్యాంకు, ఫ్రిజ్, యాక్సిల్‌కు దగ్గరగా, కొద్దిగా ముందువైపు రావాలి. నీళ్ల ట్యాంకును యాక్సిల్ మీదే పెట్టడం మేలు, ఎందుకంటే అది నిండినా ఖాళీ అయినా టంగ్ లెక్క పెద్దగా మారదు. వంటగట్టు ఒక పక్క వస్తే బ్యాటరీలు ఎదురు పక్క ఉండేలా చూసుకోవాలి.

ఈ అంకెలు తేలాక గ్యారేజీ నేల మీద మాస్కింగ్ టేపుతో ట్రైలర్ లోపలి కొలతను ముగ్గు వేసినట్టు గీయండి. ఫ్రిజ్ స్థానంలో అట్టపెట్టె, మంచం స్థానంలో పాత పరుపు పెట్టి, ఇంట్లోవాళ్లందరినీ అందులో నిలబెట్టండి. మా నాన్నగారు రాత్రి లేచి బయటకు వెళ్లే దారి చూపించబోతే, దారిలో నా భార్య పొయ్యి ముందు కూర్చొని ఉంది. ఆ ఒక్క నిమిషంలో నేను రెండు వారాలు గీసిన పటం పనికిరాకుండా పోయింది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వస్తారనుకుంటే మెట్టు ఎత్తు, మంచం ఎత్తు కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మా అమ్మగారికి 20 అంగుళాల మంచం సరిపోయింది. కింద సామాన్ల చోటు కోసం నేను అనుకున్నది 30.

ఆర్డరు ఇచ్చే ముందు ఫ్యాక్టరీలోనే చేయించుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పోస్టులు 24 అంగుళాలకు బదులు 16 అంగుళాలకు ఒకటి, పైకప్పు ఒకే ముక్క అల్యూమినియం రేకు, కిటికీలకూ పైకప్పు ఫ్యాన్‌కూ ముందే కట్టిన చట్రాలు, గోడలకు ప్లైవుడ్ వేయకుండా వదిలేయడం. చివరిది విచిత్రంగా అనిపించవచ్చు గాని, ఎలాగూ ఇన్సులేషన్ కోసం మనం విప్పేదే. పక్క తలుపు గడియ సంగతి మరీ ముఖ్యం. మాకు వచ్చినదానికి బయటనుంచి అడ్డంగా పడే ఇనుప గడియ ఉండేది. నేను లోపల కొలతలు తీసుకుంటుండగా పిల్లవాడు ఆటగా దాన్ని వేసి ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఆగస్టు ఎండలో ఇరవై నిమిషాలు గోడ కొట్టుకుంటూ గడిపాను. లోపలినుంచి తెరుచుకునే, ఆర్.వి.లకు (లోపల నివసించడానికి వీలుగా చేసిన బండ్లకు) ఉండే తరహా తాళమే అడగండి.

ఇన్సులేషన్ అంటే వేడి గురించే అనుకుంటారు, కాని అసలు శత్రువు చెమ్మ. మూసిన పెట్టెలో ఇద్దరు పడుకుంటే వారి ఊపిరిలోని తడి చల్లటి ఉక్కు పోస్టుల మీద నీటిచుక్కలుగా మారి, ప్లైవుడ్ వెనుక కనబడకుండా నానుతుంది. పోస్టుల మధ్య ఒకటిన్నర అంగుళం ఎక్స్‌.పి.ఎస్. (ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్) ఫోమ్ బోర్డును రేకుకు ఆనించి, సందులు లేకుండా నింపి, పోస్టుల మీదుగా అర అంగుళం బోర్డు పరిస్తే ఉక్కు నేరుగా గదికి తగలదు. ఎక్స్‌.పి.ఎస్. అంగుళానికి ఆర్-5 ఇస్తుంది (ఆర్ అంటే వేడిని అడ్డుకునే శక్తికి కొలత), నీరు దాదాపు పీల్చదు. ఎంత కప్పినా గాలి ఆడకపోతే లాభం లేదు. 14 అంగుళాల చదరపు పైకప్పు ఫ్యాన్ ఒకటి, దానికి దూరంగా కిందివైపు తెరుచుకునే కిటికీ ఒకటి తప్పక ఉండాలి. గోడ మొత్తం మందం తేలేదాకా కిటికీలు కొనకండి. ఆర్.వి. కిటికీల లోపలి బిగింపు చట్రం ఫలానా మందానికి అని తయారవుతుంది. పోపు మాత్రం బయట వేసుకోవడమే సుఖం, ఎండుమిరప ఘాటు ఫోమ్ పరుపును వారం రోజులు వదలదు.

కరెంటు లెక్కను వాట్-గంటల్లో వేయాలి. మా చిట్టాలో ఒక రోజుకు 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ 500, ఫ్యాన్ 200, దీపాలు 50, ఫోన్లు, లాప్‌టాప్ 180. 500 వాట్ల రైస్ కుక్కర్ అరగంటకు 250, ఇన్వర్టర్ నష్టంతో 290. మొత్తం 1,220. వంద ఆంపియర్-గంటల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1,280 ఉంటుంది, అంటే ఒకటి పెడితే ఒక్క మబ్బు రోజుకే చీకటి; రెండు పెట్టాలి. 300 వాట్ల సోలార్ ప్యానెళ్ల మీద నాలుగున్నర గంటల మంచి ఎండ పడి, నష్టాలు పోగా నాలుగింట మూడువంతులు దక్కితే దాదాపు 1,010 వస్తుంది. ఏసీని మాత్రం ఈ లెక్కలోకి తేకండి. కిటికీకి పెట్టే 5,000 బి.టి.యు. చిన్న ఏసీ కూడా 450 వాట్ల దాకా తీసుకుంటుంది. టెక్సస్ జూలై రాత్రికి క్యాంప్‌గ్రౌండ్ కరెంటే గతి. ఈ రకం బ్యాటరీని సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జ్ చేస్తే పాడవుతుంది కాబట్టి, దాని చోటు టంగ్ మీద కాక లోపల ఉండాలి.

పన్నెండు వోల్టులంటే చిన్నచూపు వద్దు. వెయ్యి వాట్ల ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి 90 ఆంపియర్ల పైన లాగుతుంది. సన్న తీగ వేస్తే కాలుతుంది. బ్యాటరీ ప్లస్ కొస నుంచి జానెడు దూరంలోపే ప్రధాన ఫ్యూజ్ రావాలి. బయటి కరెంటు కోసం వాడే 30 ఆంపియర్ల టి.టి.-30 సాకెట్ 120 వోల్టులది. ఇంటి దగ్గర దాన్ని పెట్టమంటే బట్టలు ఆరబెట్టే యంత్రానిదనుకొని 240 వోల్టులు ఇచ్చే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, ప్లగ్ పెట్టేముందు మీటరుతో చూడండి. ట్రైలర్ లోపలి ప్యానెల్‌లో న్యూట్రల్‌నూ గ్రౌండ్‌నూ కలపకూడదు.

నీళ్లకు 5 గ్యాలన్ల క్యాన్లు, చేతి పంపు, కింద ఒక మురుగు క్యాను మొదటి ఏడాదికి చాలు. బాత్రూం గురించి మా ఇంట్లో చాలా చర్చ జరిగి, చివరికి కర్ర గదికి బదులు తెర, దాని వెనుక క్యాసెట్ టాయిలెట్ (మలినాల తొట్టిని విడిగా బయటకు తీసి ఖాళీ చేసుకునేది) అన్న దగ్గర ఆగింది. మన అలవాటుకు నీళ్లు ఎక్కువ కావాలి, ఆ లెక్క కలుపుకోవాలి.

ప్రొపేన్ సిలిండర్ ఎప్పుడూ బయట, టంగ్ మీదే ఉండాలి. గాలికంటే బరువైన ఆ వాయువు నేల దగ్గర చేరుతుంది గనుక దాని డిటెక్టర్ కిందనే అమర్చాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం, పొగ అలారం వేరే. పొయ్యి తలుపు పక్కన ఉండి మంటలు లేస్తే బయటపడే రెండో దారి ఏదో పటంలో చూపించగలగాలి. వెనుక తలుపు లోపలినుంచి తెరుచుకోకపోతే మంచం పక్కన మనిషి దూరగలిగే కిటికీ పెట్టండి. ఆర్.వి.ల భద్రతకు అమెరికాలోని అగ్ని రక్షణ సంఘం (ఎన్.ఎఫ్.పి.ఎ.) రూపొందించిన ఎన్.ఎఫ్.పి.ఎ. 1192 అనే ప్రమాణం ఉంది. ఇంట్లో చేసుకునేవారికి అది మంచి కొలబద్ద.

పని వరుస ఇలా ఉండాలి: ముందు కిటికీలు, ఫ్యాన్ కోసం కోతలు, వాటి చుట్టూ బ్యూటైల్ టేపు, పైకప్పు మీద ల్యాప్ సీలెంట్, ఆ తరువాత ఒక పెద్ద వాన పడేదాకా ఓపిక. కారడం లేదని తేలాక తీగలు, ఆపైన ఫోమ్. ప్లైవుడ్ మూయకముందు ప్రతి గోడకూ టేపు కొలత కనబడేలా ఫొటో తీసి పెట్టుకోవాలి, ఎందుకంటే అల్మరాలను బిగించవలసింది పలకకు కాదు, వెనుకనున్న ఉక్కు పోస్టుకు. కుదుపులకు పలకలోని మర నెలలోనే వదులైపోతుంది.

రిజిస్ట్రేషన్, బీమా సంగతి కొనకముందే కనుక్కోవాలి. మార్చిన ట్రైలర్‌ను క్యాంపర్‌గా నమోదు చేయాలంటే ఒక్కో రాష్ట్రం ఒక్కోలా అడుగుతుంది. లోపల మనం పెట్టిన సామగ్రికి బీమా వర్తిస్తుందా అన్నది ఏజెంటు చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి.

అంతా అయ్యాక, నీళ్లు, బట్టలు, వంటసామాన్లతో సహా నింపి, హైవే పక్క ట్రక్ స్టాప్‌లో ఉండే కాటా మీదికి తీసుకువెళ్లండి. కారుతో కలిపి ఒకసారి, విప్పి ఒకసారి తూచి చిట్టాతో సరిచూసుకోవాలి. మాది చిట్టా కంటే 140 పౌండ్లు ఎక్కువ వచ్చింది. వెతికితే అందులో ఒక ఇత్తడి బిందె, రెండు బియ్యం బస్తాలు దొరికాయి. తిరిగి వచ్చే దారిలో 50 మైళ్ల దగ్గర ఆగి చక్రాల నట్లను టార్క్ రెంచితో మళ్లీ బిగించాము, నాలుగు కొంచెం వదులుగానే ఉన్నాయి.