వానల్లో బండి సెల్ఫ్ తీసుకోకపోతే ఇంట్లోనే ఎలా చూసుకోవాలి?

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో వానలు పట్టుకున్నాయంటే పొద్దున్నే మా వీధిలో ఒకటే చప్పుడు. సెల్ఫ్ నొక్కితే 'టిక్' అంటుంది, ఇంజను మాత్రం తిరగదు. వెంటనే అందరూ బ్యాటరీ పోయిందనేస్తారు. నేనూ అలాగే అనుకున్నాను. 2018 అక్టోబరు తిత్లీ తుపానులో నా బండి రాత్రంతా నీళ్లలో ఉండిపోయింది. తర్వాత సెల్ఫ్ తీసుకోలేదు. షాపులో బ్యాటరీ మార్చమంటే మార్చేశాను. కొత్త బ్యాటరీ బలంతో పదిహేను రోజులు నడిచి, మళ్లీ అదే 'టిక్'. చివరికి పాతపట్నం నుంచి మా బావమరిది వచ్చి, ఇంజనుకి బిగించిన నల్ల వైరు బోల్టు విప్పి చూపించాడు. వాషరు కింద తుప్పు పొరలు పొరలుగా ఊడొచ్చింది. గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించాడు. ఒక్క నొక్కుకే బండి లేచింది.

అందుకే డబ్బు పెట్టి ఏదైనా కొనే ముందు వైర్లు బిగించిన అతుకులు చూడండి. దానికి 10 నంబరు స్పానరు, స్క్రూడ్రైవరు, గరుకు కాగితం, కాస్త వాజలిన్, వోల్టులు కొలిచే ఒక మామూలు మల్టీమీటరు చాలు.

ముందు పనిముట్లు ముట్టుకోకుండా కీ తిప్పి చూడండి. న్యూట్రల్ లైటు వెలిగిందా? హారన్ గట్టిగా మోగిందా? రెండూ లేకపోతే ఫ్యూజు గానీ, బ్యాటరీకి వైరు బిగించే టెర్మినల్ గానీ చెడినట్టు. లైటు వెలిగి, సెల్ఫ్ నొక్కగానే మసకబారిపోతే బ్యాటరీ బలం లేనట్టు, లేదా దాని అతుకు వదులైనట్టు. లైటు బాగానే ఉండి 'టిక్' కూడా రాకపోతే హ్యాండిల్ మీద ఇంజను ఆపే ఎర్ర స్విచ్చి, క్లచ్, సైడ్ స్టాండు చూడండి. పిల్లలు ఆ ఎర్ర స్విచ్చి నొక్కేసి వెళ్లిన రోజులు మా ఇంట్లో చాలానే ఉన్నాయి.

ఫ్యూజు పోతే అంతే ఆంపియర్లది వెయ్యాలి. మామూలుగా ఫ్యూజు డబ్బాలోనే స్పేరు ఒకటి ఉంటుంది. అక్కడ తీగ ముక్కో సిగరెట్ పెట్టెలోని వెండికాగితమో చుట్టవద్దు, వైర్లు కాలిపోతాయి. కొత్తది కూడా వెంటనే పోతే ఎక్కడో వైరు ఒరిసిపోయి ఛాసిస్‌కి, అంటే బండి ఇనప చట్రానికి, తగులుతోంది. హ్యాండిల్ తిప్పే చోట, ట్యాంకు కింద ఎక్కువగా అలా ఒరుస్తుంది.

తర్వాత కీ ఆపి, సీటు తీసి, టెర్మినళ్లు చేత్తో కదిపి చూడండి. కదిలితే బిగించండి. తెల్లటి, పచ్చటి పొడి పట్టి ఉంటే విప్పి కడగాలి. విప్పేటప్పుడు ముందు నల్లది, తర్వాత ఎర్రది. పెట్టేటప్పుడు ముందు ఎర్రది. ఎర్రదానికి పట్టిన స్పానరు ఛాసిస్‌కి తగిలిందంటే నిప్పురవ్వలే. దగ్గర్లో బీడీ, దీపం వద్దు, బ్యాటరీలోంచి మండే గ్యాసు వస్తుంది. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో టెర్మినళ్లు రుద్ది, బాగా ఆరనిచ్చి, బిగించాక పైన వాజలిన్ పూయండి. మహేంద్రగిరి వైపు మంచులో తిరిగే బళ్లకు ఇది తప్పనిసరి.

ఇప్పుడు మల్టీమీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీ 12.6 దాకా చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12కి దిగిందంటే ముందు చార్జ్ చేయించండి. ఒకరు సెల్ఫ్ నొక్కుతుండగా ఇంకొకరు మీటరు చూడండి. 12.6 ఉన్నది 10 కన్నా బాగా దిగువకు పడిపోతే బ్యాటరీ లోపలే బలం పోయింది.

నాకు బాగా నచ్చిన పరీక్ష ఇంకోటుంది. మీటరు నల్ల సూది బ్యాటరీ నల్ల టెర్మినల్ మీద, ఎర్ర సూది ఇంజను లోహం మీద రంగు లేని చోట పెట్టి సెల్ఫ్ నొక్కండి. రీడింగు దాదాపు సున్నా ఉండాలి. అర వోల్టో అంతకన్నా ఎక్కువో చూపిస్తే ఎర్తు అతుకు, అంటే నల్ల వైరు ఇంజనుకి బిగించిన చోటు, చెడింది. నల్ల వైరు వెంట పోయి ఆ బోల్టు విప్పండి, లోహం మెరిసేదాకా రుద్దండి. ఆ రోజు నాకు ఈ పరీక్ష తెలిసి ఉంటే కొత్త బ్యాటరీ కొనేవాణ్ణి కాను.

చార్జింగు చూడాలంటే ఇంజను స్టార్ట్ చేసి కాస్త ఎక్సలేటరు ఇవ్వండి. బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14.5 రావాలి. 12 దగ్గరే ఆగిపోతే చార్జింగు అందడం లేదు. ఇంజను ఆపి, రెక్టిఫయర్ (ఇంజను కరెంటును బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే పెట్టె) కప్లరు, అంటే దాని వైర్ల ప్లగ్గు, ఊడదీసి, లోపల పిన్నులు నల్లబడ్డాయేమో చూడండి. 15 దాటితే వోల్టులు అదుపులో ఉంచే రెగ్యులేటరు పోయింది. అలా నడిపితే బ్యాటరీ ఉడికిపోతుంది. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ వైరు మాత్రం ఎప్పుడూ పీకకండి.

2020 తర్వాత వచ్చిన ఇంజెక్షన్ బళ్లకు పెట్రోలు పంపు నడవడానికి కరెంటు కావాలి. బ్యాటరీ పూర్తిగా దిగితే తోసినా లేవకపోవచ్చు. కాబట్టి ఆ బళ్ల వాళ్లు ముందే మీటరు పెట్టి చూసుకోవాలి.

కప్లరు పిన్నులు శుభ్రంగా ఉండి కూడా చార్జింగు రాకపోతే స్టేటర్ (ఇంజను లోపల కరెంటు పుట్టించే తీగ చుట్లు), రెక్టిఫయర్ చూడటం మెకానిక్ పని. బండి ఇచ్చేటప్పుడు ఆగి ఉన్నప్పుడెంత, సెల్ఫ్ నొక్కినప్పుడెంత, ఇంజను నడుస్తున్నప్పుడెంత అని మూడు రీడింగులూ కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి. షాపు తెలుగువాళ్లదైనా ఒడియావాళ్లదైనా ఆ అంకెలు చూడగానే ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకు తెలిసిపోతుంది.