సెగ ఎంత, ఉక్క ఎంత: ఇంట్లో వేడిని విడివిడిగా కొలిచే పద్ధతి

రోహిణి కార్తెలో రాత్రి పదింటికి గోడ మీద థర్మామీటరు 34 చూపిస్తుంది. మంచం మీద వాలితే మాత్రం పైనుంచి స్లాబు కాలుస్తూనే ఉంటుంది. ఆ థర్మామీటరుకు తెలిసింది గాలి వేడి ఒక్కటే. ఒంటికి తగిలేది గాలి వేడి, చుట్టూ ఉన్న గోడల సెగ, తేమ, గాలి వేగం. వీటికి తోడు కట్టుకున్న బట్ట, చేస్తున్న పని. డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాంగర్ 1970లో ఈ ఆరింటితోనే లెక్క కట్టారు. కూలరు కొనాలా, డాబాకు సున్నం కొట్టాలా అన్నది తేలాలంటే ముందు సెగను, ఉక్కను విడదీసి కొలవాలి.

కావలసినవి: వైరు చివర సెన్సరు ఉండే డిజిటల్ థర్మామీటర్లు మూడు (ఫ్రిజ్‌లకు, చేపల తొట్లకు వాడేవి చాలు), 40 మిల్లీమీటర్ల టేబుల్ టెన్నిస్ బంతి, బ్లాక్‌బోర్డుకు వేసే మెరుపు లేని నల్ల రంగు, పాత పంచె గుడ్డ ముక్క, టేబుల్ ఫ్యాను.

మొదట మూడు సెన్సర్లనూ ఒకే చెంబు నీళ్లలో ముంచి, ఐదు నిమిషాలు కలుపుతూ చూడండి. చవక రకాల్లో ఒక్కోటి డిగ్రీ దాకా తేడా చూపిస్తుంది. మనం వెతుకుతున్న తేడాయే రెండు డిగ్రీలు కాబట్టి ఈ పని మానేస్తే మిగతా కొలతలన్నీ వృథా. ఏది ఎంత ఎక్కువ, ఎంత తక్కువ చూపిస్తుందో రాసిపెట్టుకుని, తర్వాత ప్రతి అంకెలోనూ సరిచేసుకోండి.

ఒకటి ఊరికే గాలిలో వేలాడదీయండి. రెండోదాన్ని బంతికి చిన్న చిల్లు పెట్టి సరిగ్గా నడిమికి దూర్చండి. లోపలి గోడకు తగలకూడదు. చిల్లు మూసి, బంతికి నల్ల రంగు వేయండి. ఇదే సెగను పట్టేది. రెండింటినీ గది మధ్యలో, గోడకు కనీసం మీటరు దూరంలో కట్టండి. కుర్చీలో కూర్చునేవాళ్ల కోసమైతే నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తు, పడుకునేవాళ్ల కోసమైతే మంచం ఎత్తు. ఫ్యాను ఆపి, ఇరవై నిమిషాలాగి చూడండి. ఫ్యాను తిరుగుతుంటే చిన్న బంతిని గాలి చల్లారుస్తుంది, సెగ తక్కువగా కనబడుతుంది.

గాలి 36, బంతి 38 అనుకుందాం. రెండే కదా అనిపిస్తుంది. కదలిక పెద్దగా లేని గాలిలో లెక్క కడితే చుట్టూ ఉన్న స్లాబు, గోడలు సగటున 40 దగ్గర ఉన్నట్టు. మధ్యాహ్నం మూడింటికి ఒకసారి కొలిచి వదిలేయకండి. ఎండ వేడి స్లాబు గుండా కిందికి దిగడానికి గంటలు పడుతుంది. సాయంత్రం ఏడింటికి, రాత్రి పదింటికి మళ్లీ చూడాలి. రేకుల ఇంట్లో ఆ ఆలస్యం ఉండదు, మిట్టమధ్యాహ్నమే అసలు సెగ.

ఉక్క కోసం మూడో సెన్సరుకు తడిగుడ్డ చుట్టండి. గుడ్డలో గంజి ఉంటే నీరు పీల్చదు, ముందే ఉడకబెట్టి జాడించండి. ఉప్పు బోరు నీళ్లు వాడితే గుడ్డ మీద ఉప్పు పేరుకుని అంకె ఎక్కువ చూపిస్తుంది. ఆర్వో నీళ్లు మేలు. ఫ్యానుకు అడుగు దూరంలో ఉంచి, దిగి దిగి నిలిచిన అంకె రాసుకోండి. గుడ్డ మధ్యలో ఆరిపోకూడదు.

కూలరు మంచిదైతే పొడి (ఊరికే గాలిలో కట్టినది), తడి (తడిగుడ్డ చుట్టినది) అంకెల తేడాలో ముప్పాతిక వంతు దించుతుంది. కనిగిరి వైపు పొడి ఎండలో గాలి 42, తడి 24 ఉంటే తేడా 18. కూలరు గాలి 28.5కు వస్తుంది. కొత్తపట్నం తీరంలో గాలి 36, తడి 29 ఉంటే తేడా 7 మాత్రమే. దిగేది ఐదు డిగ్రీలు, పైగా గదిలో తేమ పెరుగుతుంది. తీరంలో ఆ డబ్బు సముద్రపు గాలి వచ్చే తూర్పు కిటికీ మీద, సీలింగ్ ఫ్యాను మీద పెట్టడం నయం. గాలి 40 దాటితే మాత్రం ఫ్యాను ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక.

ఎంత వేడి ఓర్చుకోదగ్గది? ఏసీ లేని భవనాలకు మన దేశపు లెక్క ఇది: గత 30 రోజుల బయటి సగటును 0.54తో గుణించి 12.83 కలపాలి. సగటు 33 అయితే 30.65, అటూ ఇటూ 2.38 దాకా పదిమందిలో తొమ్మిదిమందికి సరిపోతుంది. ఈ అంకెను గాలి వేడి, గోడల సెగల సగటుతో (పై ఉదాహరణలో 36, 40ల సగటు 38) పోల్చాలి, ఒట్టి గాలితో కాదు.

కొలిచేటప్పుడే ఇంట్లోవాళ్లనూ అడగండి. చాలా చలి నుంచి చాలా వేడి దాకా ఏడు మెట్ల కొలబద్ద అంతటా వాడుకలో ఉంది గానీ అందులో ఉక్కకు చోటు లేదు. అందుకే “వేడిగా ఉందా, ఉక్కగా ఉందా, పైనుంచి సెగ కొడుతోందా?” అని విడిగా అడగాలి. పొయ్యి దగ్గర నుంచి అప్పుడే వచ్చినవాళ్లను అరగంట కూర్చోబెట్టి అడగండి.

బంతి, గాలి తేడా డిగ్రీ లోపుంటే సున్నం వల్ల పెద్దగా ఒరిగేది లేదు. రెండు దాటితే డాబా మీద తెల్ల సున్నం రెండు పూతలు వేయండి, లేదా స్లాబుకు తగలకుండా ఎత్తులో తాటాకు పందిరి వేయండి. తర్వాత అదే గదిలో, అదే గంటకు, బయటి ఎండ దాదాపు అంతే ఉన్న రోజు చూసుకుని మళ్లీ బంతి కట్టండి.