సెంటెడ్ క్యాండిల్ వెలిగించే ముందు

అగ్గిపుల్ల గీసే ముందు ఒక్కసారి వత్తిని చూడండి. కిందటిసారి కాలిన నల్లటి కొస పుట్టగొడుగులా ఉబ్బి ఉంటే కత్తిరించేయాలి. 6 మిల్లీమీటర్లు మిగిలితే చాలు. వత్తి పొడుగ్గా ఉంటే మంట ఎగసిపడుతుంది, గాజుకు మసి పడుతుంది. కత్తిరించిన ముక్క మైనంలో పడితే తీసేయండి, అది కూడా అంటుకోగలదు.

కొత్త క్యాండిల్ అయితే తీరిక ఉన్నప్పుడే వెలిగించండి. మొదటిసారి పైపొర అంచుల దాకా కరగాలి. ఈలోపే ఆర్పేస్తే తర్వాత కూడా మధ్యలోనే గుంటపడి, చుట్టూ మైనం వృథాగా మిగిలిపోతుంది. అలాగని ఒకేసారి 4 గంటలు దాటనివ్వకండి.

- కర్టెన్లు, పుస్తకాలు, పరుపు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. క్యాండిల్‌కు సరిగ్గా పైన అల్మరా అర ఉండకూడదు.
- ఫ్యాన్ గాలి తగలకూడదు.
- కింద వేడికి తట్టుకునే పళ్లెం.

ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ముందు వాళ్లను అడగండి. ఘాటైన వాసన వాళ్లకు నిజంగా ఇబ్బంది. పెంపుడు పక్షులున్న గదిలో మాత్రం వద్దు, వాటి ఊపిరితిత్తులు చాలా సున్నితం. పిల్లులు, పసిపిల్లలు ఉంటే అందని ఎత్తులో పెట్టండి.

ఆర్పడానికి మూత దగ్గర పెట్టుకోండి. నీళ్లు పోస్తే వేడి మైనం చిమ్ముతుంది, గాజు పగలొచ్చు. అడుగున ఒక సెంటీమీటరు మైనమే మిగిలిందా? ఇక వెలిగించొద్దు.

కళ్లు మూతలు పడుతున్న రాత్రి అసలు వెలిగించకండి. అన్నిటికంటే దీన్నే నేను గట్టిగా చెబుతాను.