మడిగెల కాంప్లెక్సుకు ప్లాన్ గీయడం ఎలా నేర్చుకోవాలి?

నల్గొండ, మహబూబ్‌నగర్, మిర్యాలగూడ, జడ్చర్ల, ఎక్కడ చూసినా మెయిన్ రోడ్డు మీద పాత ఇళ్లు తీసేసి కింద మడిగెలు, అంటే షట్టర్ వేసే దుకాణం గదులు, పైన ఆఫీసులో హాస్టలో కడుతున్నారు. కింద సెల్లార్ తవ్వేవాళ్లూ పెరిగారు. ఈ భవనాలను ఇంటి ప్లాన్ గీసినట్టు గీస్తే కుదరదు. ఇంట్లో ఒక గది ఆరు అంగుళాలు తగ్గితే మంచం జరుపుకుంటారు. మడిగెలో షట్టర్ ఆరు అంగుళాలు తగ్గితే కిరాయికి వచ్చినవాడు వెనక్కి పోతాడు. అందుకే కమర్షియల్ భవనాల డ్రాఫ్టింగ్‌ను, అంటే కొలతలతో ప్లాన్లు గీసే పనిని, విడిగా, శ్రద్ధగా నేర్చుకోవాలి. పదో తరగతి పాసైన పిల్లలకు, ఐటీఐ చదువుతున్నవాళ్లకు, ఇంజనీర్ ఆఫీసులో చిన్న పనులు చేస్తూ పైకి రావాలనుకునేవాళ్లకు పనికొచ్చేలా ఆ తొవ్వ ఇక్కడ చెబుతాను.

ముందు కోర్సు సంగతి

పదో తరగతి తర్వాత ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ట్రేడు తీసుకోవచ్చు. రెండేళ్లు చదవాలి, చివర జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. అన్ని ఐటీఐల్లో ఈ ట్రేడు ఉండదు కాబట్టి ఆ ఏడాది ప్రవేశాల జాబితా చూసుకున్నాకే ఆప్షన్ పెట్టండి. ఇంకో దారి పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్ల సివిల్ డిప్లొమా చేయడం. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి.

కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ నేర్పే రెండు మూడు నెలల ప్రైవేటు కోర్సులో చేరేముందు ఒక్క ప్రశ్న అడగండి: "కోర్సు అయ్యేలోపు ఒక భవనానికి పూర్తి డ్రాయింగ్ సెట్ మాతో గీయిస్తారా?" గీయిస్తామంటే, పోయిన బ్యాచ్ వాళ్లు గీసిన షీట్లు చూపించమనండి. కమాండ్లు మాత్రమే చెప్పే చోట ఫీజు కట్టకండి. అవి ఇంట్లో కూర్చుని కూడా నేర్చుకోవచ్చు.

ఆడపిల్లలు ఈ పనిలోకి రావాలని నా కోరిక. అయితే ఇది పూర్తిగా ఆఫీసు పని కాదు, సైట్‌కు వెళ్లి కొలతలు తీయాల్సి ఉంటుంది. ఆ మాట ఇంట్లో మొదటే చెప్పి ఒప్పించుకోండి.

కంప్యూటర్ కన్నా ముందు టేపు

నా లెక్కలో ఈ శిక్షణకు పునాది ఇదే. తెలిసినవాళ్ల మడిగె ఒకటి చూసుకోండి. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ వాళ్లను అడిగి, ఒక తోడును తీసుకుని, 5 మీటర్ల టేపు, 30 మీటర్ల టేపు, అట్ట, పెన్సిల్ పట్టుకుని వెళ్లండి.

మొదట కొలవకుండా మొత్తం తిరిగి చేత్తో బొమ్మ గీయండి. స్కేలు అక్కర్లేదు, ఆకారం వస్తే చాలు. పిల్లర్లు, షట్టర్లు, మెట్లు, కరెంటు మీటర్ల బోర్డు, మోరీ, వాటర్ పైపులు దిగే చోటు అన్నీ అందులో పడాలి. తర్వాత కొలతలు తీయండి. ఒక గోడకు మూడు తలుపులుంటే ఒక్కో ముక్కను విడిగా కొలిచి కూడవద్దు. టేపు సున్నాను ఒక మూలన పట్టి ఉంచి, వరసగా ఒక్కో అంచు దగ్గర అంకె చదువుతూ పోవాలి. ముక్కలుగా కొలిస్తే ప్రతి ముక్కలో కాస్త తప్పు పడి, చివరికి అది పెద్దదవుతుంది.

గది నాలుగు పక్కలు కొలిస్తే సరిపోదు, రెండు మూలగీతలూ కొలవాలి. 12 అడుగులు, 16 అడుగుల మడిగె మూలమట్టంగా ఉంటే మూలగీత సరిగ్గా 20 అడుగులు రావాలి. ఒకటి 20 అడుగుల 4 అంగుళాలు, ఇంకోటి 19 అడుగుల 8 అంగుళాలు వచ్చిందంటే గది వంకర. పాత బజారుల్లో చాలా స్థలాలు ఇలాగే ఉంటాయి. దాన్ని ఉన్నది ఉన్నట్టు గీయాలే తప్ప మీరు సరిచేయకూడదు. గోడ మందాన్ని తలుపు పక్కన కొలవండి. 9 అంగుళాల ఇటుక గోడ రెండు వైపులా ప్లాస్టరింగ్‌తో కలిపి సుమారు 10 అంగుళాలు వస్తుంది.

ఇక్కడే ఇంకో సంగతి అలవాటు చేసుకోవాలి. ఓనర్ గజాల్లో మాట్లాడతాడు, మేస్త్రీ అడుగులు అంగుళాల్లో, నిబంధనలు మీటర్లలో ఉంటాయి. 200 గజాలంటే 1800 చదరపు అడుగులు, అంటే 167 చదరపు మీటర్లు. అడుగుకు 304.8 మిల్లీమీటర్లు. ఈ మూడు భాషలూ మీకు తడుముకోకుండా రావాలి.

ఆ బొమ్మను తెల్ల కాగితం మీద చేత్తోనే 1:50 స్కేలులో గీయండి. గీతలు ఒకదానితో ఒకటి కలవని చోటు, మర్చిపోయిన కొలత అప్పుడే బయటపడతాయి. మళ్లీ వెళ్లి కొలుచుకు రండి.

సాఫ్ట్‌వేర్

విద్యార్థులకు ఆటోక్యాడ్ ఏడాది చొప్పున ఉచితంగా దొరుకుతుంది. అది లేకపోతే లిబ్రేక్యాడ్ ఎప్పటికీ ఉచితమే, రెండు కొలతల డ్రాయింగ్‌కు చాలు. గీత, ఆఫ్‌సెట్, ట్రిమ్, బ్లాక్, లేయర్, డైమెన్షన్, లేఅవుట్, ప్లాట్ అనే కమాండ్లు వస్తే పని మొదలుపెట్టొచ్చు. గోడకు ఒక లేయర్, పిల్లర్‌కు ఒకటి, మెట్లకు ఒకటి, అక్షరాలకు ఒకటి పెట్టడం మొదటి రోజు నుంచే అలవాటు కావాలి. అసలు కొలతతో గీసి, స్కేలును లేఅవుట్‌లో, అంటే ప్రింట్ షీట్ సర్దే చోట పెట్టండి. కాగితం మీద అక్షరం 2.5 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలంటే 1:100 డ్రాయింగ్‌లో దాన్ని 250 మిల్లీమీటర్లుగా రాయాలి. భవనాన్ని మూడు కొలతల్లో గీసే రెవిట్ సాఫ్ట్‌వేర్ తర్వాత నేర్చుకోవచ్చు. హైదరాబాద్ ఆఫీసుల్లో పని చేయాలంటే అది అవసరమవుతుంది.

పిల్లర్ల గీతలు: కమర్షియల్ పనికి ప్రాణం ఇక్కడే

ఇంటి ప్లాన్‌లో ముందు గదులు వేసి, పిల్లర్లను గోడల్లో దాస్తారు. కాంప్లెక్సులో అలా చేయకూడదు. మొదట పిల్లర్ల మధ్యగీతల గ్రిడ్ వేయాలి. ఒక వైపు గీతలకు ఏ, బీ, సీ అని, ఇంకో వైపు 1, 2, 3 అని పేర్లు పెట్టండి. సెల్లార్ నుంచి పై కప్పు దాకా ప్రతి అంతస్తులో అవే గీతలు, అవే పేర్లు ఉండాలి. కొలతలన్నీ ఆ గీతల నుంచే ఇవ్వాలి.

గ్రిడ్ ఎంత దూరం పెట్టాలో తేల్చేది పైనున్న షట్టర్, కింద సెల్లార్‌లో పెట్టే కారు. ఒక లెక్క చేసి చూడండి. ఒక కారుకు 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు వదులుతారు. రెండు పిల్లర్ల మధ్య రెండు కార్లు పట్టాలంటే ఖాళీ 5 మీటర్లు ఉండాలి. పిల్లర్ 300 మిల్లీమీటర్లనుకుంటే మధ్యగీతల దూరం 5.3 మీటర్లు, అంటే దాదాపు 17 అడుగుల 5 అంగుళాలు. పైన అదే ఖాళీలో మధ్యన నాలుగున్నర అంగుళాల గోడ పెడితే, సుమారు 8 అడుగుల చొప్పున రెండు మడిగెలు వస్తాయి. ఓనర్ "నాకు 10 అడుగుల షట్టర్లు కావాలి" అన్నాడనుకోండి. అప్పుడు ఖాళీ 6.2 మీటర్లకు పెరుగుతుంది. కింద కార్లు మాత్రం రెండే పడతాయి, మూడో కారుకు 7.5 మీటర్లు కావాలి. మిగిలిన 1.2 మీటర్లలో బైకులు పెట్టుకోవచ్చు. ఈ లెక్క కాగితం మీద రాసి చూపిస్తే ఓనర్ తానే నిర్ణయం తీసుకుంటాడు. పిల్లర్ సైజు, స్టీలు మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీర్ చెప్పినట్టే వేయాలి. డ్రాయింగ్ అందంగా కనిపించడానికి పిల్లర్‌ను ఒక అంగుళం కూడా జరపకండి.

మెట్లు, ర్యాంపు

జాతీయ భవన నిర్మాణ కోడ్ ప్రకారం దుకాణాల భవనంలో మెట్ల వెడల్పు 1.5 మీటర్లకు తగ్గకూడదు. మెట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు, అడుగు పెట్టే జాగా 300కు తగ్గకూడదు. అంతస్తు ఎత్తు 11 అడుగుల 9 అంగుళాలైతే, అంటే 3,581 మిల్లీమీటర్లు, 24 ఎత్తులు వేయాలి. ఒక్కోటి 149 చిల్లర వస్తుంది. 12, 12గా రెండు వరసలు చేస్తే, ఒక్కో వరసలో అడుగు పెట్టే జాగాలు 11, పొడవు 3.3 మీటర్లు. రెండు చివర్లా 1.5 మీటర్ల ల్యాండింగులు కలిపితే 6.3 మీటర్లు. ఇంత జాగా మెట్లకు పోతుందని తెలియక, చివర్లో మిగిలిన మూలలో మెట్లు ఇరికించిన కాంప్లెక్సులు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. నిప్పు అంటుకున్న రోజు పై అంతస్తు హాస్టల్ పిల్లలంతా ఆ మెట్ల మీదనే దిగాలి. కాబట్టి గ్రిడ్ అయ్యాక ముందు మెట్లను గీయండి, మడిగెలను ఆ తర్వాత.

చక్రాల కుర్చీ ర్యాంపు వాలు 1:12, అంటే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. రోడ్డు నుంచి మడిగె 18 అంగుళాల ఎత్తులో ఉంటే ర్యాంపు 18 అడుగులు కావాలి. ముందు ఆ చోటు వదలకపోతే తర్వాత ఎక్కడా దొరకదు.

అనుమతి, సంతకం

తెలంగాణలో భవన నిబంధనలకు ఆధారం 2012 నాటి జీవో 168. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ (ప్లాట్ హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ), పార్కింగ్, ఎత్తు గురించి మీ ప్లాట్‌కు సంబంధించిన భాగాలను ఓపికగా చదవండి. చిన్న ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇచ్చే ఏర్పాటు 2020 నాటి బీపాస్ చట్టంతో వచ్చింది. కమర్షియల్ భవనం మాత్రం సింగిల్ విండోలో పరిశీలనకు వెళ్తుంది. ఆన్‌లైన్‌లో డ్రాయింగ్‌ను సాఫ్ట్‌వేర్ పరిశీలిస్తుంది కాబట్టి లేయర్ పేర్లు అక్కడ అడిగినట్టే ఉండాలి.

డ్రాఫ్ట్స్‌మన్ ఆర్కిటెక్ట్ కాడు. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం నమోదైనవాళ్లే ఆ పేరు వాడాలి. మీ విజిటింగ్ కార్డు మీద డ్రాఫ్ట్స్‌మన్ అనే రాసుకోండి. అర్హత ఉన్నవాళ్లు చూసి సంతకం చేశాకే డ్రాయింగ్ బయటికి ఇవ్వండి.

మేస్త్రీ చేతికి వెళ్లే షీట్లు

సైట్ ప్లాన్, పిల్లర్ల మార్కింగ్ ప్లాన్, ఒక్కో అంతస్తు ప్లాన్, భవనాన్ని మెట్ల మీదుగా నిలువునా కోసినట్టు చూపే సెక్షన్, బయటి రూపం చూపే ఎలివేషన్, షట్టర్లు కిటికీల పట్టిక, టాయిలెట్ల వివరం ఉంటే సెట్ పూర్తయినట్టే. ప్రతి షీట్ మీద తేదీ, మార్పు నంబర్ తప్పనిసరి. వాట్సాప్‌లో కొత్త పీడీఎఫ్ పంపినా సైట్‌లో పాత ప్రింటే గోడకు వేలాడుతూ ఉంటుంది. నంబర్ ఉంటే ఫోన్‌లో ఒక్క మాటలో తేలుతుంది. ప్రింట్ మీద స్కేలు పెట్టి కొలవొద్దని, రాసిన కొలతే చూడాలని షీట్ మీద తెలుగులో రాయండి. కాగితానికి సరిపోయేలా కుదించి ప్రింట్ తీస్తే స్కేలు మారిపోతుంది.

పనికి వెళ్లేటప్పుడు

సర్టిఫికెట్‌తో పాటు ఏ3 కాగితాల మీద మీ సొంత సెట్ తీసుకెళ్లండి. మొదట మీరు కొలిచిన మడిగె, తర్వాత మీరే వేసిన రెండంతస్తుల కాంప్లెక్సు. ఇంటర్వ్యూలో చేత్తో గీసిన స్కెచ్ ఒకటి ఇచ్చి గీయమనే ఆఫీసులు ఉంటాయి. స్కెచ్‌లో లేని కొలత కనిపిస్తే ఊహించి వేయకుండా అడగండి. మంచి ఇంజనీర్ మెచ్చుకునేది ఆ ప్రశ్ననే. ఐటీఐ అయినవాళ్లు అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే స్టైపెండ్‌తో పని నేర్చుకునే వీలుంది.

జీతం మాట్లాడుకునేటప్పుడే ఇంకోటి అడగండి: మీరు గీసిన భవనానికి సైట్‌లో మార్కింగ్ వేసే రోజు మిమ్మల్నీ పంపాలి. మేస్త్రీ ఏ కొలత కోసం షీట్ రెండుసార్లు తిప్పాడో, ఎక్కడ మిమ్మల్ని పిలిచి అడిగాడో పుస్తకంలో రాసుకుని, సాయంత్రం ఆఫీసుకు రాగానే ఆ కొలతను షీట్ మీద చేర్చి, మార్పు నంబర్ పెంచి పంపండి.