ఇనుప మేకుకు రాగి ఎలా పడుతుంది? ఇంట్లోనే చూడండి

ఎరువుల కొట్లో మైలుతుత్తం, అన్నభేది కొంచెం కొంచెం తెచ్చుకోండి. మొదటిది కాపర్ సల్ఫేట్, రెండోది ఫెర్రస్ సల్ఫేట్. మైలుతుత్తం విషం, కాబట్టి వంటింటి గిన్నెలూ చెంచాలూ వాడొద్దు, చేతికి గ్లవ్స్ వేసుకోండి, పిల్లలు చేస్తుంటే పక్కనే ఉండండి.

ముందు పాత గాజు గ్లాసులో 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి 5 గ్రాముల మైలుతుత్తం కరిగించండి. ఇనుప మేకును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది (తుప్పు, నూనె ఉంటే పని జరగదు) దారం కట్టి సగం మునిగేలా వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లోనే ఎర్రటి పొర కనిపిస్తుంది, రాత్రంతా వదిలేస్తే నీలం తగ్గి నీళ్లు పచ్చగా మారడం మొదలవుతుంది. అంటే ఇనుము నీళ్లలోకి దిగింది, దిగుతూ రాగిని బయటికి నెట్టేసింది. స్కూల్లో స్థానభ్రంశ చర్య అని బట్టీ పట్టింది ఇదే.

నేను మొదటిసారి రేకులకు కొట్టే మేకు వేశాను. నల్లటి మడ్డి పట్టేసరికి ప్రయోగం పాడైందనుకుని పారబోశా. తీరా చూస్తే దానికి జింకు పూత ఉంది. జింకు కూడా రాగిని నెడుతుంది, ఇనుము కన్నా చురుగ్గా, ఆ నల్లటిది కూడా సన్నటి పొడిలా పడిన రాగే!

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు కానీ అసలు మజా తిరగేసి చేయడంలో ఉంది. అన్నభేది కరిగించిన నీళ్లలో రాగి తీగ వేయండి. మోటారు వైండింగ్ తీగైతే పైన వార్నిష్ ఉంటుంది, గీకేయాలి. రేపటిదాకా చూసినా తీగ తీగలాగే ఉంటుంది, ఎందుకంటే ఇనుమును నెట్టే సత్తా రాగికి లేదు. నీళ్లు గోధుమ రంగుకు తిరిగితే కంగారొద్దు, అది గాలి చేసే పని.

అల్యూమినియం ఫాయిల్ మాత్రం మోసం చేస్తుంది. ఇనుము కన్నా చురుకైనదే అయినా మైలుతుత్తం నీళ్లలో కదలకుండా కూర్చుంటుంది, పైనున్న ఆక్సైడ్ పొర అడ్డం. చిటికెడు ఉప్పు వేసి చూడండి: బుడగలు, వేడి, ఎర్రటి పెచ్చులు. అందుకే బొటనవేలంత ముక్కే వేయండి, కిటికీ తీసి ఉంచండి.

మిగిలిన నీలం నీళ్లు కాలువలోకీ చెరువులోకీ వదలొద్దు, చేపలు చస్తాయి. గుప్పెడు పాత మేకులు అందులో వేసి నీలం పోయేదాకా రోజుల తరబడి వదిలేయండి. రాగి అడుగున చేరుతుంది, పైన తేరిన నీళ్లలో మిగిలేది చాలావరకు అన్నభేదే.