గ్యాంగ్‌తో ఫారిన్ వెళ్తున్నారా? జబ్బు సంగతి ఇక్కడే మాట్లాడుకోండి

సంక్రాంతి సెలవులకో, వేసవికో తిరుపతి నుంచి ఫ్రెండ్స్ గ్యాంగులు బ్యాంకాక్, బాలి, కొలంబో, సింగపూర్ బయల్దేరడం ఇప్పుడు మామూలైపోయింది. ఫ్లైట్ చెన్నై నుంచా బెంగళూరు నుంచా, ఏ హోటల్లో స్విమ్మింగ్ పూల్ ఉంది, డబ్బులు ఎక్కడ మార్చుకోవాలి, ఇవన్నీ వాట్సాప్ గ్రూపులో నెల ముందు నుంచే నలుగుతాయి. అక్కడికెళ్లాక ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఏం చేద్దామన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తినా, "బయల్దేరేటప్పుడు ఆ అపశకునం మాటలేందిరా" అని నోరు మూయిస్తారు.

ఇంట్లోవాళ్లతో వెళ్తే ఎవరికి ఏ మందు పడదో అమ్మకు తెలుసు, భర్త బీపీ సంగతి భార్యకు తెలుసు. ఫ్రెండ్స్‌కి మన గురించి అన్నీ తెలుసు, ఒక్క ఒంటి సంగతి తప్ప. పైగా అందరి సరదా పాడుచేయడం ఇష్టం లేక జ్వరాన్ని దాచిపెట్టేవాళ్లే ఎక్కువ. "ఏం లేదు మచ్చా, కాసేపు పండుకుంటే సరిపోతుంది, మీరు పోయిరండి" అంటారు. మిగతావాళ్లు నిజమేననుకుని పడవెక్కి దీవులు చూడ్డానికి వెళ్లిపోతారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి మనిషి నీళ్లు కూడా తాగకుండా సోలిపోయి ఉంటాడు. అందుకే నన్నడిగితే, మందుల డబ్బా సర్దుకోవడానికి ముందే ఒక సంగతి తేల్చుకోవాలి: ఎవరైనా పడకేస్తే వాళ్ల దగ్గర ఎవరుంటారు?

జతలు కట్టుకోవడం తేలిక. ఎనిమిది మంది వెళ్తుంటే నాలుగు జతలు. జతలో ఒకరు మంచమెక్కితే రెండోవారు ఆ రోజు బయటికి వెళ్లరు, అంతే. ఇది ముందే అనుకుంటే అక్కడ మొహమాటాలుండవు, తర్వాత "నా ట్రిప్పంతా నీకు సేవ చేయడంతోనే సరిపోయింది" అనే దెప్పిపొడుపులూ ఉండవు. డబ్బు విషయం కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చుకునేముందు పాస్‌పోర్టు, డిపాజిట్ అడగడం చాలాచోట్ల మామూలే. గ్యాంగులో కనీసం ఇద్దరి క్రెడిట్ కార్డులకు విదేశీ వాడకం ఆన్ చేసి, లిమిట్ పెంచి పెట్టుకోండి. పేషెంట్‌తో ఆగిపోయేవారి హోటల్ ఖర్చు, టికెట్ మార్పు ఖర్చు అందరూ పంచుకుంటారా లేదా అన్నది కూడా ఇక్కడే మాట్లాడుకుంటే స్నేహాలు నిలుస్తాయి.

ఇక ఎవరి జబ్బులు వాళ్లు చెప్పుకోవడం. షుగర్, బీపీ, ఆస్తమా, ఫిట్స్, పెన్సిలిన్ పడకపోవడం, ఆడపిల్లల్లో గర్భం లాంటివి గ్రూపంతటికీ చెప్పాల్సిన పని లేదు. జతవారికి చెబితే చాలు. ఒక కాగితం మీద బ్లడ్ గ్రూపు, ఉన్న జబ్బు, రోజూ వేసుకునే మాత్రలు, పడని మందులు, ఇంటి ఫోన్ నంబరు, పాలసీ నంబరు ఇంగ్లిష్‌లో రాసి పాస్‌పోర్టు కవర్లో పెట్టండి. మాత్రలకు కంపెనీ పెట్టిన పేరు కాదు, అసలు మందు పేరు రాయాలి. డోలో అంటే అక్కడి డాక్టరుకు తెలియకపోవచ్చు, పారాసెటమాల్ అంటే తెలుస్తుంది. అమెరికాలో దాన్నే ఎసిటమినోఫెన్ అంటారు.

మందుల దగ్గర మనకో అలవాటుంది. షాపుకెళ్లి "నాలుగు జ్వరం మాత్రలు, నాలుగు విరేచనాల మాత్రలు ఇవ్వన్నా" అంటాం. ఆయన స్ట్రిప్‌ను కత్తెరతో కత్తిరించి చిన్న కాగితం కవర్లో వేసిస్తాడు. కత్తిరించిన ముక్క మీద మందు పేరు సగమే ఉంటుంది, ఎక్స్‌పైరీ తేదీ ఇంకో ముక్కతో షాపులోనే ఉండిపోతుంది. ఊళ్లో అయితే నడుస్తుంది. విదేశీ కస్టమ్స్ కౌంటర్లో అది పేరూ ఊరూ లేని మాత్ర. పూర్తి స్ట్రిప్పులే కొనండి, బిల్లు తీసుకోండి, రోజూ వాడే మందులకు డాక్టరుతో టైపు చేసిన చీటీ, సంతకం, స్టాంపు వేయించుకోండి. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ నొప్పి మాత్రలు, నిద్రకు వాడే ఆల్ప్రజోలమ్ లాంటివి దుబాయ్, సింగపూర్ లాంటి చోట్ల గట్టి నియంత్రణలో ఉంటాయి. కొన్నిటికి ముందస్తు అనుమతి కావాలి. అన్నట్టు, మందు కాకపోయినా చెప్పాలి: ఆ రెండు చోట్లకూ గసగసాలు తీసుకెళ్లొద్దు, అమ్మ కట్టిచ్చే మసాలా పొడి ఓసారి చూసుకోండి.

ఇన్సులిన్, రోజూ వేసుకునే మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి. కింద లగేజీలో వేస్తే ఇన్సులిన్ గడ్డకట్టి పాడైపోవచ్చు, పెట్టె దారి తప్పితే మీ గతీ అంతే. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పది దాకా పెట్టుకోండి, బరువేం కాదు. తియ్యటి జ్యూస్ డబ్బా కాదు, డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి. అది దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలిపితే సరిపోతుంది.

ఆరోగ్యశ్రీ కార్డు విదేశాల్లో పనిచేయదు. ఇక్కడి మామూలు హెల్త్ పాలసీలు కూడా చాలావరకు దేశం దాటవు. ట్రావెల్ ఇన్సూరెన్స్ విడిగా, బయల్దేరకముందే తీసుకోవాలి. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ఎలాగూ కనీసం 30,000 యూరోల కవరేజీ తప్పనిసరి. మిగతా దేశాలకు అడగకపోయినా తీసుకోండి. చవకదని కళ్లు మూసుకుని కొనొద్దు, దేనికి ఇవ్వరో రాసిన పేజీ చదవండి. ఉన్న షుగర్‌ను దాచి పాలసీ తీసుకుంటే క్లెయిమ్ దగ్గర చిక్కే. తాగి పడినా, లైసెన్సు లేకుండా అద్దె స్కూటర్ నడిపి కింద పడినా చాలా పాలసీలు పైసా ఇవ్వవు. స్కూటర్ మోజుంటే ముందే ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోవాలి. అది కూడా మీ లైసెన్సులో టూవీలర్ ఉంటేనే. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మొదట పాలసీ మీద ఉన్న సహాయ నంబరుకు ఫోన్ చేయండి, ఏ ఆసుపత్రికి వెళ్లాలో వాళ్లే చెబుతారు. చిన్న ఖర్చులు మనం కట్టి తర్వాత రాబట్టుకోవాలి కాబట్టి ప్రతి బిల్లూ, డాక్టరు రిపోర్టూ, బోర్డింగ్ పాసూ దాచుకోండి.

కెన్యా లాంటి ఆఫ్రికా దేశాలకు వెళ్లేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. మనకు దగ్గర్లో అయితే చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. ఆ సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే ఇక్కడ క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

అక్కడ జ్వరమొస్తే ఏం చేయాలి? థాయ్‌లాండ్, బాలి, శ్రీలంక అన్నిచోట్లా డెంగీ ఉంది. ఆ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది, కాబట్టి రాత్రి మాత్రమే క్రీము రాసుకుంటే లాభం లేదు. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు, డెంగీ అయితే రక్తస్రావం ముదురుతుంది. జనం బోల్తాపడేది జ్వరం తగ్గిన రోజున. ఒళ్లు చల్లబడింది, ఇక తిరగొచ్చనుకుంటారు. డెంగీలో అసలు ప్రమాదం అప్పుడే మొదలవ్వచ్చు. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, ఆయాసం, మగత, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. విరేచనాల్లో రక్తం పడినా, దాంతోపాటు జ్వరమున్నా, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా అంతే. విరేచనాలు ఆపే మాత్ర అప్పుడు వేయకూడదు.

అంబులెన్స్ నంబర్లు జతలో ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. థాయ్‌లాండ్ 1669, సింగపూర్ 995, మలేషియా 999, యూఏఈ 998, యూరప్ దేశాల్లో 112. శ్రీలంకలో 1990 ఉచితం. మన 108 తరహాలోనే భారత్ సాయంతో 2016లో మొదలైంది, దాన్ని నిలబెట్టింది హైదరాబాద్‌లోని జీవీకే ఈఎంఆర్ఐ అనే అంబులెన్స్ సేవల సంస్థ. థాయ్‌లాండ్‌లో భాషతో తంటా అయితే టూరిస్ట్ పోలీసు నంబరు 1155. ఆయా దేశంలోని భారత రాయబార కార్యాలయం నంబరు కూడా సేవ్ చేసుకోండి.

బయల్దేరే రోజునే జ్వరం తగిలితే? "మాత్రేసుకుని ఎక్కేస్తా, అక్కడ తగ్గిపోతుంది" అనొద్దు. పుత్తూరు, నగరి దాటి చెన్నై చేరేలోపు ముదిరితే ఎయిర్‌పోర్టులోనే ఆపేయొచ్చు, ఎక్కనిస్తే ఇంకా కష్టం. టికెట్ డబ్బులు పోతే పోయాయి.

తిరిగొచ్చాక కొన్ని వారాల్లోపు జ్వరం వస్తే తిరుపతిలో రుయా ఆసుపత్రికి వెళ్లినా, స్విమ్స్ ఆసుపత్రికి వెళ్లినా, వీధి చివరి క్లినిక్‌కు వెళ్లినా, ఏ దేశం నుంచి ఏ తేదీన వచ్చారో ముందే చెప్పండి. గ్రూపులో కూడా ఒక మెసేజ్ పెట్టండి. మీతో కలిసి తిన్నవాళ్లలో ఇంకెవరికైనా అదే మొదలై ఉండొచ్చు.