హంపి ప్రయాణానికి దారంతో ఒక జ్ఞాపకచిత్రం: ఇంటి మిషను మీద ఫ్రీ మోషన్ ఎంబ్రాయిడరీ

కుట్టు మిషను గుడ్డను తనంతట తాను లాగకుండా చేసి, గుడ్డను బిగించిన రింగును మన చేతులతో ఎటు కావాలంటే అటు కదుపుతూ కుట్టే పద్ధతిని ఫ్రీ మోషన్ అంటారు. సూది ఇక్కడ పెన్సిలు పని చేస్తుంది. తేడా అల్లా పెన్సిలు నిలకడగా ఉండి కాగితం కదలడమే. ఈ పద్ధతిలో మొదటి చిత్రానికి హంపి బాగా అనుకూలమైన ఊరని నా అభిప్రాయం. హేమకూటం కొండ మీద నుంచి కనిపించే గుండ్లకు సరళరేఖ అంటూ లేదు కనుక, చెయ్యి వణికి గీత పక్కకు జరిగినా అది రాతి అంచుగానే చెల్లిపోతుంది. యాభై రూపాయల నోటు మీద ఉన్న విఠలాలయపు రాతిరథాన్ని కుట్టాలని చాలామందికి ఆశ ఉంటుంది గానీ, దాని చక్రం రవ్వంత వంకర తిరిగినా కంటికి పట్టేస్తుంది కాబట్టి దానిని రెండో చిత్రానికి దాచుకోవడం మేలు.

ఎనిమిది అంగుళాల రింగులో అయిదు అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తు గల బొమ్మ సుఖంగా ఇముడుతుంది. మీరు తీసిన ఫొటోను ఆ కొలతకు ప్రింటు తీయించి, దానిలోంచి విరూపాక్షాలయ గోపురపు అంచు, ఆరేడు గుండ్లు, వెనుక తుంగభద్ర గీత మాత్రమే తీసుకోవాలి. గోపురానికి తొమ్మిది అంతస్తులు ఉన్నాయి. వాటి మీది శిల్పాలను కుట్టబోతే దారం ముద్ద అవుతుంది తప్ప శిల్పం కనబడదు, కనుక పైకి పోయేకొద్దీ ఇరుకయ్యే తొమ్మిది పట్టీలు గీస్తే చాలు. మీరు ఏరు దాటిన పుట్టి, అంటే గుండ్రని బుట్ట పడవ, ఆ ఫొటోలో లేకపోయినా, ఆ ప్రయాణంలో మీకు బాగా గుర్తున్నది అదే అయితే నదిలో ఒక మూల దానికి చోటివ్వవచ్చు. ఫొటోకు లేని ఈ స్వేచ్ఛ కోసమే కదా ఇంత శ్రమ.

గుడ్డ విషయానికి వస్తే, మరీ పలుచగానూ మరీ మందంగానూ లేని, గోధుమ వన్నె నూలు గుడ్డను ముందుగా ఉతికి ఇస్త్రీ చేసి తీసుకోవాలి. ఉతకని గుడ్డ తరవాత కుంచించుకుపోయి, కుట్టు చుట్టూ ముడతలు తెస్తుంది. బొమ్మకు నాలుగు వైపులా మూడు నాలుగు అంగుళాలు అదనంగా ఉంచి కత్తిరించి, గుడ్డకు బిగువు రావడానికి వెనుక, ఇస్త్రీ వేడికి అంటుకునే పలుచని బక్రం గుడ్డ వేయాలి. బొమ్మను దర్జీలు వాడే కార్బన్ కాగితంతో దింపవచ్చు; అది లేకపోతే బక్రం వేయడానికి ముందే ప్రింటును కిటికీ అద్దానికి అతికించి, మీద గుడ్డ పరచి, వెలుతురులో పెన్సిలుతో గీసుకోవచ్చు.

ఇక మిషను. గుడ్డను నొక్కే పాదం కింద, దానిని ముందుకు లాగే పళ్ళు ఉంటాయి. ఆ పళ్ళను కిందికి దించే మీట మీ మిషనుకు ఉంటే దానితో దించండి. లేకపోతే పళ్ళను కప్పే ప్లేటును బిగించండి. మామూలు పాదం తీసి, స్ప్రింగు ఉన్న ఎంబ్రాయిడరీ పాదం పెట్టాలి. కొందరు పాదం లేకుండానే కుడతారు. చెయ్యి తిరిగేదాకా ఆ సాహసం వద్దు, వేలికీ సూదికీ మధ్య ఉండే కాపలా ఆ పాదం ఒక్కటే. సూది పధ్నాలుగో నంబరుది, పైన ఎంబ్రాయిడరీ సిల్కు దారం, అడుగు దారం చుట్టే బాబిన్‌లో సన్నని నూలు దారం సరిపోతాయి. పై దారపు టెన్షన్‌ను కొద్దిగా వదులు చేస్తే బాబిన్ దారం పైకి తొంగిచూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, పాదం గుడ్డను నొక్కకపోయినా దాని మీటను దించి తీరాలి, ఎందుకంటే మీట పైకి ఉన్నంతసేపు పై దారానికి బిగువు ఉండదు, క్షణంలో గుడ్డ అడుగున దారం చిక్కుపడి పిచ్చుకగూడు తయారవుతుంది. నా మొదటి రెండు ప్రయత్నాలు ఈ గూళ్ళతోనే ముగిశాయి.

రింగు బిగించడం చేతికుట్టుకు తలకిందులుగా ఉంటుంది. పెద్ద రింగును బల్ల మీద పెట్టి, బొమ్మ పైకి కనిపించేలా గుడ్డను దాని మీద పరచి, చిన్న రింగును పైనుంచి లోపలికి నొక్కాలి. అప్పుడు గుడ్డ మిషను పలకను ఆనుకుని ఉంటుంది. చిన్న రింగుకు నూలు పట్టీ చుట్టి ఉంచితే గుడ్డ జారదు. వేలితో తడితే డప్పులా మోగాలి.

కుట్టు మొదలుపెట్టేటప్పుడు చక్రాన్ని చేత్తో ఒక్క చుట్టు తిప్పి బాబిన్ దారాన్ని పైకి లాగి, రెండు కొసలూ పట్టుకుని అక్కడికక్కడే మూడు నాలుగు కుట్లు వేసి, ఆ తరవాత కొసలు కత్తిరించాలి. మిషను వేగంగా, చేతులు నెమ్మదిగా నడవాలి. చేతులు తొందరపడితే కుట్లు బారెడు పొడవవుతాయి, మరీ లాగితే సూది వంగి ప్లేటుకు తగిలి విరుగుతుంది. ఒక పాత గుడ్డ మీద మీ పేరు, సున్నాలు, నీటి అలలు కుట్టి ఈ లయ చేతికి పట్టించుకున్నాకే అసలు గుడ్డను ముట్టుకోండి.

కుట్టే వరుస దూరం నుంచి దగ్గరకు రావాలి. ఆకాశాన్ని కుట్టకుండా గుడ్డ రంగుకే వదిలేయడం నాకు ఇష్టం. నదికి బూడిద కలిసిన ఆకుపచ్చ దారంతో, మధ్యలో ఖాళీలు వదులుతూ, అడ్డంగా పొడుగాటి గీతలు వేయాలి. గోపురానికి లేత మీగడరంగు దారంతో పట్టీలు నింపి, ప్రతి పట్టీ అడుగున గోధుమరంగు నీడగీత ఒకటి లాగితే అంతస్తులు విడివిడిగా తేలతాయి. గుండ్లకు పాత నూలు చీరల ముక్కలను, బూడిద, ఇటుక, ఎండుగడ్డి రంగులవి, రాతి ఆకారంలో కత్తిరించి జిగురు పుల్లతో తేలికగా అంటించి, అంచు వెంట రెండుసార్లు కుట్టాలి. రెండో గీత మొదటిదాని మీద సరిగ్గా పడకపోతేనే అందం. ఎండ తగిలే వైపు ముక్కను ఖాళీగా వదిలి, నీడ వైపు రాతి వంపును అనుసరించి ఒత్తుగా గీతలు దించితే రాయికి బరువు వస్తుంది. అంతటా ఒకే దిక్కున ఒత్తుగా కుడితే గుడ్డ ఆ దిక్కునే ముడుచుకుంటుంది, కనుక గీతల దిక్కు మారుస్తూ, నడుమ నుంచి అంచులకు పనిచేయాలి. పుట్టి చివరగా రావాలి: ముదురు దారంతో సగం కోసిన కొబ్బరిచిప్ప ఆకారం, అందులో నిలువుగా ఒక మనిషి గీత, ఒక తెడ్డు.

ప్రవేశ టికెట్‌నో బస్సు టికెట్‌నో చిత్రంలో చేర్చదలిస్తే దాని మీద నేరుగా కుట్టకండి. దగ్గరదగ్గర రంధ్రాల వెంట కాగితం చిరుగుతుంది. మీద ఆర్గంజా అనే, లోపలిది కనిపించే సన్నని గుడ్డ ముక్క కప్పి, కాగితానికి బయటగా చుట్టూ ఆ ముక్క అంచునే కుట్టాలి. వేడితో అచ్చయ్యే నున్నటి టికెట్ల మీది అక్షరాలు కొంతకాలానికి మాసిపోతాయి కాబట్టి, వాటికి జిరాక్స్ తీసి ఆ కాపీనే వాడడం మంచిది.

కుట్టడం పూర్తయ్యాక టికెట్ ఉన్న చోటును వదిలి, మెత్తని తువ్వాలు మీద చిత్రాన్ని బోర్లా వేసి, వెనుక నుంచి ఆవిరితో ఇస్త్రీ చేస్తే దారాల ఉబ్బు అణగిపోదు. తరవాత గట్టి అట్ట మీద పరచి, మిగులు గుడ్డను వెనక్కి మడిచి, ఎదురెదురు అంచులను మంచం నవారు బిగించినట్టు దారంతో లాగి కట్టాలి. జిగురు వాడితే కొన్నేళ్ళకు పసుపు మరక పైకి తేలవచ్చు. ఫ్రేము కట్టేవారితో అద్దానికీ దారానికీ మధ్య అట్ట పట్టీ పెట్టించి, నేరుగా ఎండ పడని గోడకు తగిలించండి. తేదీని మాత్రం అట్టకు బిగించక ముందే, కింది మూల, గుండ్ల రంగు దారంతోనే కుట్టేయండి.